డప్పు లెక్కనే అనుకున్నడు

భయమంటె కొందరికి పామును చూస్తె అయితది, కొందరికి పోలీసోన్ని చూస్తె అయితది. ముత్యానికి మాత్రం దేవన్నను చూస్తె అయితుండె.

దేవన్న ఏం దయ్యం గాదు. గల్ఫుల హిద్దు కూలోళ్ల క్యాంపుల ముత్యం మంచానికి ఎదురు మంచం ఆయనది. ఊరు సుత దగ్గరిదే, మెట్‌పల్లి దిక్కు. ఎవలిదో పెద్దింట్ల సామాన్ మోస్తుంటె చెయ్యి జారి అద్దాల దీపమొకటి పగిలిందట. అది ఎంత పాతదో, ఎవల తాత తెచ్చిందో, ఆ ఇంటోళ్లు కేసు పెట్టిన్రు. కేసు తెగేదాక దేశం దాటొద్దన్నరు. అప్పటిసంది ఆయన ఇటు డ్యూటీకి పోడు, అటు ఇంటికి పోడు. తండ్రి సచ్చిపోతె దినాలు సుత ఫోన్లనే చూసిండు. ఫోన్‌ను గోడకు ఆనిచ్చి, దాని ముందట చేతులు కట్టుకొని నిలవడ్డడు. ఆ నిలవడ్డ తీరు ముత్యం కండ్లల్ల నుంచి పోలే.

శుక్రవారం ముత్యం ఇంటికి పోవాలె. మూడేండ్ల మీద దొరికిన లీవు. పెండ్లాం కళ కడుపుతోని ఉన్నప్పుడు విమానం ఎక్కిండు. బిడ్డ పుట్టుడు, శిరీష అని పేరు పెట్టుకునుడు, అది గోడ పట్టుకొని నడుసుడు, అంత ఫోన్లనే అయింది. "మీ బాపు ఏడే?" అని ఎవలన్న అడిగితె ఆ పిల్ల ఫోన్ దిక్కు చెయ్యి చూపిస్తదట. కళ నవ్వుకుంట చెప్తది గని ముత్యానికి నవ్వు రాదు. ఈసారి పోయి ఆ పిల్లను ఎత్తుకోవాలె. అంతకు మించి అతనికి వేరే కోరికేం లేకుండె.

అతను చేసేది స్టేజీల పని. కచేరీ అయినా, పెండ్లి అయినా, కంపెనోళ్ల మీటింగయినా ముందుగాల పోయి కట్టాలె, లైట్లు మొయ్యాలె, అయిపోంగనే విప్పాలె. ఆ దినం సనాబిస్‌ల ఒక పెద్ద హాల్ల డ్యూటీ పడ్డది. పొద్దుమీకి ఫిన్లాండోళ్ల పాట ఉందన్నరు. ఫిన్లాండ్ ఏడుందో ముత్యానికి తెల్వదు, చెప్పే నాకు సుత అంతంతే. అన్ని దేశాల కన్న ఎక్కువ చలి పెడ్తదని, అడవులు, చెరువులు తప్ప వేరేటియి కనవడయని హాలు కాడ ఎవలో అంటె విన్నడు.

ఫోర్మన్ భీమేశ్వరరావు కాకినాడ దిక్కు మనిషి. నోరు మంచిది గాదు, మనసు సంగతి ఎవలూ అరుసుకోలే. పొద్దున్నే హాలు మేనేజరు వాయిద్యాలు పెట్టే గది తాళంచెవి ఆయన చేతుల పెట్టి, జాగ్రత్త అన్నడు. "నా చేతిలో ఉందంటే చీమ కూడా దూరదండి, ఆయ్" అన్నడు భీమేశ్వరరావు. అన్నంక మావోళ్ల దిక్కు మీసం తిప్పుకుంట చూసిండు. ఆయనకు అట్లాంటి మాటలంటె మహా ఇష్టం.

వచ్చిన బృందం అయిదారుగురే. పెట్టెలు విప్పుతుంటె ముత్యం అటే చూస్తుండె. ఎందుకు చూడడు? తాతల నాటి నుంచి డప్పు కొట్టే ఇల్లు అతనిది. చేతుల సిర్ర, చిటికెన పుల్ల పట్టినంకనే పలక బలపం పట్టిండు. ఒకాయన ఒళ్లె పీట లెక్కటి చెక్క పెట్టుకున్నడు, దాని మీద తీగలు పక్కపక్కకు గుంజి ఉన్నయి, వేళ్లతోని మీటితె సన్నగ మోగుతున్నయి. దాన్ని కాంతెలె అంటరట. ఇంకొకామె ఫిడేలు తీసింది. హార్మోనియం సుత ఉన్నది, భజనల చూసినట్టు చేత్తోని గాలి కొట్టేది గాదు, కుర్సీల కూసొని కాళ్లతోని తొక్కేది, బీరువంత ఉన్నది. ఒక పోరి చేతుల ఒంటిదిక్కు తోలు బిగించిన డప్పు ఉన్నది. దాన్ని చూడంగనే ముత్యానికి సొంత మనిషి ఎదురైనట్టనిపించింది.

అందరి కన్న పెద్దామె పేరు ఇర్మెలి. అరవై ఏండ్లు ఉంటయి, తెల్లజుట్టు, మాట తక్కువ. ఆమె తీసిన వాయిద్యం ముత్యం ఎన్నడు చూడలే. మూరెడు మీద కొంచెం పొడుగు, తొట్టి లెక్క తొలిచిన చెక్క, మీద పల్చటి పలక అంటించి ఉన్నది. పక్కకు ఒక తొర్ర. ఆ తొర్రల నుంచి చెయ్యి దూర్చి వేళ్ల వెనుక దిక్కుతోని తీగలను తాకుతది, రెండో చేతుల కమాను పట్టుకుంటది. దాని పేరు యోహిక్కో. తీగలు ఇనుపవి గావు, గుర్రం తోక వెంట్రుకలు. గొంతు బొంగురువోయిన మనిషి లోపల్లోపల ఏడ్చినట్టు మోగింది. ముత్యం చేతుల వైరు చుట్ట అట్లనే పట్టుకొని నిలవడి విన్నడు.

సముద్రం గాలి తెలిసిందే గదా. ఆ దినం మరీ చెమ్మ. సామాన్ దించెటప్పుడు తలుపులన్ని బార్లా తెరిచే ఉన్నయి. పోరి డప్పు మీద చెయ్యేస్తె తడి గోనెసంచి మీద కొట్టినట్టయింది. ఆమె మళ్ల మళ్ల కొడ్తది, మొఖం ముడుస్తది. ముత్యానికి పానం ఆగలే. దగ్గరికి పోయి, ఇటియ్యి అన్నట్టు చెయ్యి చాపిండు. స్టేజీ పక్కకు పెద్ద లైటొకటి పెట్టి ఉన్నది, దాని ముందట నిలవడితె మొఖం కాలుతది. డప్పును దానికి చూపించుకుంట మెల్లగ తిప్పిండు, ఇంటికాడ గడ్డిమంట మీద తిప్పినట్టే. నడుమ నడుమ వేలితోని కొట్టి చూసుకున్నడు. తోలు బిగిసింది. సిర్ర లేదు గని వేళ్లతోనే ఒక దరువేస్తె హాలంత ఖంగుమన్నది.

ఫిన్లాండోళ్లందరు చప్పట్లు కొట్టిన్రు. ఇర్మెలి దగ్గరికొచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. ఈ మూడేండ్లల్ల ముత్యం భుజం మీద బరువులు పడ్డయి గని మనిషి చెయ్యి పడలే. ఆ సంబురం నెత్తికెక్కింది. తప్పంత అక్కడనే మొదలైంది.

ఎందుకంటె ఇర్మెలి యోహిక్కో సుత మొండికేసింది. చెమ్మకు వెంట్రుకలు సాగుతున్నయి. ఆమె బిరడలు తిప్పి బిగిస్తది, రెండు సార్లు కమాను గుంజంగనే మళ్ల వదులైతయి. ఎంతసేపో అట్ల తిప్పి తిప్పి, ఆఖరికి దాన్ని పెట్టెల పెట్టి, గదిల ఉంచి, అందరితోని తినపోయింది. పోయెటప్పుడు మొఖం చిన్నగ చేసుకున్నది.

తోలు గొడ్డుదే, వెంట్రుక గొడ్డుదే గదా అనుకున్నడు ముత్యం. తోలుకు పట్టింది వెంట్రుకకు పట్టదా? గది తెరిచే ఉన్నది, సామాన్ ఇంక బయటికి తెస్తనే ఉన్నరు. ఆమె తినొచ్చేటాలకు బిగించి పెడ్తె మళ్ల ఒక్కసారి నవ్వుతది. అంతే అతని ఆలోచన. ఇంత కన్న చెడ్డ ఆలోచనేదీ అతని బుర్రల లేకుండె, నా మాట నమ్మున్రి.

యోహిక్కోను పసిపిల్లను ఎత్తుకున్నట్టే ఎత్తుకొచ్చి లైటుకు చూపించిండు. వేలితోని మీటిండు. వెంట్రుక కొంచెం గట్టిపడ్డది. అతను సంబురపడుతున్నంతల స్టేజీ కాడి నుంచి కేక వచ్చింది.

"ఒరేయ్ ముత్యం, ఎక్కడ చచ్చావురా? ఈ హార్మోనియం మీ మామ ఎత్తుతాడా? యల్లా, యల్లా."

చేతిల వాయిద్యం చూస్తె భీమేశ్వరరావు పెయ్యి పొట్టు దీస్తడు. దాన్ని లైటు ముందట ఒక పెట్టెకు ఆనిచ్చి ఉరికిండు. ఇప్పుడే వస్తననుకున్నడు. ఆ హార్మోనియమేమో మెట్ల నడుమ ఇరికింది. పైకి పోదు, కిందికి రాదు. నలుగురు నాలుగు దిక్కులు పట్టుకొని, భీమేశ్వరరావు తిట్లు తినుకుంట, ఆఖరికి ఎక్కించిన్రు. ముత్యం చెమటలు తుడుసుకుంట వచ్చి చూసిండు.

వెంట్రుకలు బిగిసినయి. అతననుకున్నట్టే, మంచిగ బిగిసినయి. చెక్కనే ఆగలే. మీది పలక ఒక పక్కకు తొట్టిని ఇడిసిపెట్టి లేచింది, తీగల కింది నుంచి అంచు దాక నెర్రె వాసింది. అందుల గోరు దూరుతది.

ముత్యం దాన్ని ఒళ్లెకు తీసుకున్నడు. వేలితోని ఆ పలకను కిందికి ఒత్తిండు. ఒత్తితె అంటుకుంటది, తీస్తె లేస్తది. మళ్ల ఒత్తిండు. అటు ఇటు చూసిండు, ఎవలు లేరు. దాన్ని తీసుకపోయి పెట్టెల పెట్టిండు. పెట్టె కొక్కెం ఒకపట్టాన పడదు. పడ్డంక బయటికి వచ్చి ఒక మూలకు వైర్లు చుట్టుకుంట కూసున్నడు. కొద్దిసేపటికి భీమేశ్వరరావు గదికి తాళమేసి, చెవిని బెల్టుకు తగిలించుకొని పాట పాడుకుంట పోయిండు.

ఆ మాపటి దాక ముత్యం ఎట్ల ఉన్నడో అతనికే ఎరుక. ఆమె చూడదేమో, చూసినా చెమ్మకు పగిలిందనుకుంటదేమో అని ఒక పక్క. హాలు నిండ కెమెరాలున్నయి గదా, ఎవలో చూసే ఉంటరని ఇంకొక పక్క. పోలీసు బండి చప్పుడైందని రెండు సార్లు లేచి నిలవడ్డడు, చూస్తె కూరగాయల బండి. భీమేశ్వరరావుకు చెప్పుదామని దగ్గరి దాక పోయిండు. "ఏరా, దెయ్యం పట్టిందా?" అంటె, లేదు సార్ అని తిరిగొచ్చిండు. కండ్లు మూస్తె దేవన్న కనవడుతుండు, గోడకు ఆనిచ్చిన ఫోన్ ముందట చేతులు కట్టుకొని. ఆ దేవన్నకు తన మొఖమే ఉన్నది.

జేబుల ఫోన్ మోగింది. కళ ఒక వీడియో పంపింది. బాపు వస్తుండని శిరీషకు కొత్త గౌను తొడిగిందట. ముత్యం దాన్ని తెరవలే. తెరిస్తె ఏదో అయితదన్నట్టు ఫోన్‌ను మళ్ల జేబుల పెట్టిండు.

జనం వచ్చి కూసునే యాళ్లకు ఇర్మెలి గది తెరిపించింది. ముత్యం తలుపుకు దగ్గర్లనే ఉన్నడు. పెట్టె తెరిచిన చప్పుడు విన్నడు. ఆ తర్వాత ఏ చప్పుడు లేదు. అరుస్తదేమో అనుకున్నడు, అరవలే.

హాలు మేనేజరు ఉరికొచ్చిండు. సూటు వేసుకున్నడు, మనిషి చల్లటోడే గని ఆ పూట మొఖం ఎర్రగ అయింది. దేశం గాని దేశం నుంచి పిలిచి తెచ్చిన మనుషులు, అందుల ఆ వాయిద్యం ఆమె అన్న చేతులతోని చేసిందట, వెంట్రుకలు వాళ్ల ఇంటి గుర్రానివేనట, ఆ అన్న ఇప్పుడు లేడట. ఇన్సూరెన్స్ రావాలంటె పోలీసులకు రాసియ్యాలె, ఎవలి చేతుల పగిలిందో పేరు ఉండాలె.

"తాళంచెవి ఎవరి దగ్గర?" అన్నడు హిందీల.

భీమేశ్వరరావు బెల్టు మీద చెయ్యి పెట్టుకున్నడు. చీమ దూరదన్న మాట పొద్దున అందరు విన్నదే. "నాకేం తెలీదండి. నేను తాళం వేసి వెళ్లానండి. అంతేనండి" అన్నడు. తెలుగుల అన్నడు, హిందీ మరిచిపోయిండు. మేనేజరు సెక్యూరిటీ మనిషిని పిలిచి, ఈయన కార్డు తీసుకో, పోలీసులు వచ్చేదాక ఇక్కడనే కూసోబెట్టు అన్నడు. భీమేశ్వరరావు జేబుల నుంచి కార్డు తీసిచ్చిండు. అంత నోరున్న మనిషి కుర్సీల ఒక అంచుకు కూసున్నడు. కూసొని ఎవలి దిక్కు చూడలే.

ఇగ ముత్యం సంగతి చెప్తున్న, వినున్రి. మొదలు అతనికి ఊపిరాడింది. నిజం నిజమే చెప్పాలె గదా. తన పేరు రాలే, తను బయటపడ్డడు, శుక్రవారం పోతడు. ఆ ఊపిరి లోపలికి పీల్చుకుంటనే భీమేశ్వరరావు మోకాళ్లు చూసిండు. రెండు మోకాళ్ల మీద రెండు అరచేతులు పెట్టుకొని, కదలకుంట, దేవన్న మంచం మీద కూసున్నట్టే కూసున్నడు. మన క్యాంపుల ఇంకొక మంచం గట్లనే నిండుతది అనుకున్నడు ముత్యం. దానికి నేనే కారణమయిత. ఇంటికి పోయి పిల్లనెత్తుకున్నా ఈ మోకాళ్లే కనవడుతయి.

భయం తగ్గలే. తగ్గినంక చెప్పిండంటె నేను అబద్ధమాడినట్టు. ఆ భయంతోనే ముందుకు నడిచిండు.

"మైనే కియా, సాబ్" అన్నడు. "రావు సార్‌కు తెల్వదు."

గదిల అందరు అతని దిక్కు తిరిగిన్రు. ఎట్ల చేసినవని మేనేజరు అడిగితె హిందీ మాటలు దొరకలే. పోరి పక్కకు పెట్టిన డప్పును తీసుకున్నడు. దాన్ని లైటు దిక్కు తిప్పి చూపించిండు. వేలితోని ఒక దెబ్బ కొట్టిండు. తర్వాత యోహిక్కో వెంట్రుకలను చూపించి, మళ్ల లైటును చూపించిండు. ఆఖరికి హార్మోనియంను చూపించి, ఎత్తుతున్నట్టు చేతులు పైకి లేపిండు. భీమేశ్వరరావు కుర్సీల నుంచే వచ్చిన ఇంగ్లీషుల చెప్పిండు, ఇతను డప్పోడండీ, అదీ డప్పులాగే అనుకున్నాడు, నేను పిలిస్తే వదిలేసి వచ్చాడు అని.

ఇర్మెలి అంత విన్నది. ముత్యం చేతులనే చూసింది. తర్వాత ఖాళీ పెట్టె మీద కూసొని, యోహిక్కోను ఒళ్లె పెట్టుకొని, చప్పుడు లేకుంట ఏడ్చింది. మేనేజరు ఫోన్ చెవికి పెట్టుకున్నడు. అది చూసి ఆమె లేచి, ఆయన చేతి మీద చెయ్యి పెట్టి, వద్దన్నది. ఇన్సూరెన్స్ రాదు మేడం అన్నడాయన. వద్దనే అన్నది. పోలీసులకు రాసిచ్చేదేం లేదు, ఎవల పేరు చెప్పేదేం లేదు అన్నది.

కచేరీ మొదలైంది. యోహిక్కో వంతు వచ్చినప్పుడు ఇర్మెలి ఉత్త చేతులతోని నిలవడి పాడింది. వెనుక హార్మోనియం ఒక్క స్వరం పట్టుకొని నిలవడ్డది. జనానికేం తెల్వదు, మంచిగనే చప్పట్లు కొట్టిన్రు. అంత అయినంక ఆమె ముత్యం ముందటి నుంచే బస్సుకు నడిచి పోయింది. ఆగలే, తిట్టలే, భుజం మీద చెయ్యి వెయ్యలే.

తెల్లారి భీమేశ్వరరావు క్యాంపుకు వచ్చిండు. ఎన్నడు లోపలికి రాని మనిషి, ముత్యం మంచం మీద ఒక మూలకు కూసున్నడు. హాలోళ్లు కంపెనీకి ఫోన్ చేసిన్రట. "ఆఫీసులో చెప్పి చూశానయ్యా. వినలేదు. వీసా క్యాన్సిల్ చేసేశారు. శుక్రవారం టికెట్టు అదే, తిరుగు టికెట్టే లేదు. ఖలాస్" అన్నడు. అన్నంక లేచి పోయిండు.

"పోతున్నవ్ గదా" అన్నడు ఎదురు మంచం మీది నుంచి దేవన్న. "గదే చాలు."

ముత్యం ఇంటికి ఫోన్ చేసిండు. కళ ఎత్తంగనే అడిగింది, "ఎన్ని దినాలకు మళ్ల పోవాలె?"

"మళ్ల పోవుడు లేదు."

"ఏం జేసినవ్?" అన్నది. మెల్లగనే అన్నది, గని ఆ గొంతుల ఉన్నదేందో ముత్యం గుర్తువట్టిండు. నిన్న దినమంత తన లోపల ఉన్నదే, ఇప్పుడు ఆమెకు పట్టుకున్నది.

కేసు లేదు, పోలీసులు లేరు, శుక్రవారం వస్తున్న అని ముందుగాల చెప్పిండు. తర్వాత అంత చెప్పిండు. డప్పు కాగబెట్టింది, చప్పట్లు కొట్టింది, నెర్రె వాసింది, పెట్టె మూసింది.

"వాళ్లన్న చేసిచ్చిందా అది?" అన్నది కళ ఆఖరికి.

"ఆయనే చేసిండట. వాళ్ల గుర్రం వెంట్రుకలేనట."

"ఆ అన్న ఇప్పుడు లేడా?"

"లేడు."

"మరి ఆమె నిన్నేమన్నది?"

"ఏమనలే" అన్నడు ముత్యం.

ఆ మాట నోట్లె నుంచి వచ్చినంక అతనికి ఆగలే. నిన్నటిసంది అతని లోపల భయానికి తప్ప వేరేదానికి జాగ లేకుండె. పోలీసు, కేసు, శుక్రవారం, ఇవే. చచ్చిపోయిన అన్న చేసిచ్చింది పాడైందని ఒక్క ఘడియ సుత బాధపడలే. ఇప్పుడు తువ్వాల మొఖానికి అడ్డం పెట్టుకొని, పిల్లగాని లెక్క వెక్కి వెక్కి ఏడ్చిండు. కళ ఊకోమని అనలే, ఫోన్ సుత పెట్టలే.